పేడ చెప్పే నిన్నటి కబురు

నమస్తే అండీ. ఇవాళ పేడ గురించి మాట్లాడుకుందాం. ఆవు నిన్న ఎంత టెన్షన్ పడిందో ఇవాళ్టి పేడని బట్టి చెప్పొచ్చంటే మీరు నమ్ముతారా?

ఒత్తిడి కొలవాలంటే రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ చూడటం పాత పద్ధతి. మరి రక్తం ఎలా తీస్తారు? పలుపు బిగించి, ఒకరు తల పక్కకి తిప్పి పట్టుకుంటే ఇంకొకరు మెడ దగ్గర నరం వెతికి సూది గుచ్చుతారు. కొత్త మనిషి కొట్టంలోకి వస్తేనే బెదిరే ఆవుకి ఇదంతా చేస్తే కొద్ది నిమిషాల్లోనే కార్టిసాల్ పైకి లేస్తుంది. అప్పుడు మనం కొలిచింది దాని రోజువారీ బాధనా, మన సూదినా?

పేడతో ఆ గొడవ లేదు. మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ని రక్తంలోకి వదులుతాయి, కాలేయం దాన్ని విరగ్గొడుతుంది, ఆ ముక్కలు పిత్తంతో పాటు పేగుల్లోకి దిగి పేడలో బయటికొస్తాయి. ఆవుల్లో దీనికి సుమారు 12 గంటలు పడుతుంది. అంటే సాయంత్రం సంత నుంచి లారీలో తెచ్చిన ఆవు పడ్డ బాధ మర్నాడు పొద్దున పేడలో దొరుకుతుందన్నమాట. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయంలో రూపర్ట్ పాల్మే, ఎరిఖ్ మోస్టల్ వాళ్లు లారీ ప్రయాణం చేసిన పశువుల పేడలో ఇవి పెరగడం చూసి 2000లోనే ప్రచురించారు.

పేడ తీయడంలోనూ పద్ధతి ఉంది. ఆవు దానంతటది పేడ వేసేదాకా ఆగాలి. మూత్రం తగలని చోట, గ్లౌజు వేసుకున్న చేత్తో కొంచెం తీసి చిన్న డబ్బాలో పెట్టి, మూత మీద చెవి ట్యాగు నంబరూ టైమూ రాసి వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి, తర్వాత చూద్దాంలే అని గట్టు మీద వదిలేస్తే పేడలోని సూక్ష్మజీవులు ఆ ముక్కల్ని ఇంకా మార్చేసి లెక్క చెడగొడతాయి. ల్యాబులో అర గ్రాము పేడని నీళ్లు కలిపిన మిథనాల్‌లో బాగా కుదిపి, పైన తేరినదాన్ని చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో వేస్తారు. అక్కడ పరీక్ష మందులు కలిపాక రంగు ఎంత తక్కువ తేలితే ఒత్తిడి ముక్కలు అంత ఎక్కువ ఉన్నట్టు. రక్తానికి వాడే కిట్ తెచ్చి దీనికి వాడేద్దాం అనుకోకండి, పేడలో ఉండేది అసలు కార్టిసాల్ కాదు గనక సరైన లెక్క రాదు.

వారాలు, నెలల కబురు కావాలంటే తోక కుచ్చు వెంట్రుకలు కత్తిరించి చూస్తారు. కానీ పేడా మూత్రమూ అంటుకున్నా, నల్ల వెంట్రుక తెల్ల వెంట్రుక కలిసిపోయినా పోలిక దెబ్బతింటుంది.

ఒక్క అంకె చూసి మాత్రం తీర్పు చెప్పకూడదు. ఈనేటప్పుడూ కార్టిసాల్ పెరుగుతుంది, ఎక్కువ దూరం నడిచినా పెరుగుతుంది, చాలా రోజులు వేడికి నలిగిన ఆవులో తగ్గిపోనూ వచ్చు. తగ్గింది కదా, హాయిగా ఉందిలే అనుకుంటే ఆవుకి అన్యాయం చేసినట్టే. అది రొప్పుతోందా, నెమరు వేస్తోందా, మేత ముట్టిందా, ఇవి కళ్లతో చూడాల్సిందే.

మన హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లకి అంతరించిపోతున్న జంతువుల కోసం ల్యాకోన్స్ అనే ల్యాబు ఉంది, అందులో అడవి జంతువుల మీద ఇలాంటి పని చేస్తున్నారు. ఏనుగు లద్దెతో కుదిరినప్పుడు మన జెర్సీ క్రాస్ ఆవుకి ఎందుకు కుదరదు? పాల కేంద్రంలో రెండు పూటలా ఫ్యాట్ కొలుస్తాం, ఒక పాయింటు తగ్గితే అక్కడే నిలబడి అడుగుతాం, ఆ పాలిచ్చే ప్రాణి ఎలా ఉందో మాత్రం ఒక్కనాడూ కొలవం. నాకిది అస్సలు మింగుడుపడదు.

అందుకే నా కోరిక ఒకటే. పశువైద్య కాలేజీలు రైతుల కొట్టాల్లోకి వచ్చి ఒక్క చిన్న మార్పుతో మొదలుపెట్టాలి. పలుపు మూరెడు పొడుగు చేయకముందు వారం పేడ, చేశాక వారం పేడ, అదే ఆవుది, అదే వేళకి తీసి పక్కపక్కన పెట్టి ఆ రైతుకే చూపించాలి.