చెవులు మూసుకున్న పిల్లవాడిది భయమేనా?

(దృశ్యం: కోనసీమ వరిచేలు. మోసేవారి భుజాల మీద కదిలివస్తున్న ప్రభలు.)

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి (జాతరకు) 11 గ్రామాల రుద్రుల ప్రభలు, అంటే శివుడి రూపాలను నిలిపి అలంకరించిన ఎత్తైన చట్రాలు, తరలివస్తాయి. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ నీళ్లలోంచి దాటుతున్నప్పుడు డప్పులు, బాణసంచా, వేల గొంతులు ఒక్కసారిగా మిన్నంటుతాయి. ఆ జనంలో ఆటిజం ఉన్న ఒక పిల్లవాడు చెవులు మూసుకుని గట్టు మీద కూలబడ్డాడనుకుందాం. చుట్టూ ఉన్నవారు జడుసుకున్నాడంటారు. ఇంటికి వెళ్లగానే దిష్టి తీస్తారు.

అది భయం కాకపోవచ్చు. చప్పుడు, వెలుగు, వాసన, తాకిడి మోతాదుకు మించి మీదపడినప్పుడు మెదడు వాటిని వడగట్టలేకపోవడాన్ని సెన్సరీ ఓవర్‌లోడ్ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన ఆటిజం నిర్ధారణ ప్రమాణాలలో ఇటువంటి ఇంద్రియ స్పందనలకు కూడా చోటు కల్పించారు.

(దృశ్యం: కొబ్బరితోట నీడ. దూరంగా, సన్నగా డప్పుల మోత.)

గుండెదడ, చెమట, వణుకు ఓవర్‌లోడ్‌లోనూ, భయంతో కూడిన ఆందోళనలోనూ కనిపిస్తాయి కనుక శరీరాన్ని చూసి తేల్చడం కష్టం. కాలాన్ని గమనించడం మేలు. ఓవర్‌లోడ్ ఆ చప్పుడుతోనే మొదలై, దాని నుంచి దూరంగా తీసుకువెళ్తే, వెంటనే కాకపోయినా, క్రమంగా తగ్గుతుంది. ఆందోళనకు ఎదుట చప్పుడు ఉండనవసరం లేదు: భోగి నాటి నుంచే "రేపు బాంబులు కాలుస్తారా?" అని పదేపదే అడగడం, నిద్ర పట్టకపోవడం, తీర్థం ముగిసి ఇల్లు చేరాక కూడా ఆ తలపు వదలకపోవడం దాని గుర్తులు.

అయితే నిరుడు పడిన బాధే ఈ ఏటి ఆందోళనకు కారణం కావచ్చు. అప్పుడు రెండూ పెనవేసుకునే ఉంటాయి.

"అలవాటు చేస్తే అదే పోతుంది" అనే సలహా మన ఊళ్లలో ప్రతి అరుగు మీదా దొరుకుతుంది. ఆందోళనకు నిపుణుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా అలవాటు చేయడం చికిత్సలో భాగమే కాని, ఓవర్‌లోడ్‌లో ఉన్నవారిని అక్కడే నిలబెట్టడం చికిత్స కాదు, హింస. ఆందోళనపడే పిల్లవాడికి ప్రభలు ఏ వేళకు వస్తాయో, ఎటునుంచి బయటపడవచ్చో ముందే చూపించాలి. ఓవర్‌లోడ్‌కు చెవులను కప్పే హెడ్‌ఫోన్లు, దూరపు గట్టు ఉపకరిస్తాయి.

ఆ క్షణంలో మాత్రం "ఏమైంది నాన్నా?" అని గుచ్చిగుచ్చి అడగకండి, మన మాట కూడా ఆ సమయంలో మరొక చప్పుడే. తన శరీరంలో కలుగుతున్నది ఏమిటో పేరుపెట్టి చెప్పడం ఆటిజం ఉన్న చాలామందికి కష్టం. ముక్కనుమ నాడు, ఇల్లు సద్దుమణిగాక, తీరికగా అడగండి; నోటితో చెప్పలేకపోతే ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి పక్కన కూర్చోండి.