థైరాయిడ్ జోరు: మాత్రలా, అయోడినా, ఆపరేషనా?

శ్రోతలకు నమస్కారం. రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరచి చూడండి. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నవారి చేతుల మీద ఆ కాగితం అంచు సన్నగా వణుకుతూ కనిపిస్తుంది. దానికి తోడు గుండె దడ, చెమటలు, బాగా తింటున్నా చిక్కిపోవడం, నిద్ర పట్టకపోవడం. ఊరికే టెన్షన్ పడతావని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. పాపం, ఆ టెన్షనంతా మెడలో ఉన్న చిన్న గ్రంథిది.

రక్తపరీక్ష చూసి డాక్టర్ మూడు దారులు చెబుతారు. మాత్రలు, రేడియో అయోడిన్ (అంటే రేడియోధార్మికత ఉన్న అయోడిన్), ఆపరేషన్. ఏది కావాలో ఆలోచించుకోమంటారు. నన్ను అడుగుతారేమిటని చాలామంది కంగారు పడతారు. మూడూ పనిచేసేవే. వాటితో వచ్చే ఇబ్బందుల్లో దేన్ని భరించగలరో మాత్రం మీరే చెప్పాలి.

అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నాకు థైరాయిడ్ ఎందుకు పెరిగింది? గ్రంథి వాచి, అందులో నిలవున్న హార్మోన్ బయటికి కారిపోతుంటే ఈ మూడింటిలో ఏదీ అక్కర్లేదు. కొన్ని వారాలకో నెలలకో అదే తగ్గుతుంది. గడ్డ వల్ల పెరిగితే మాత్రలు అదుపు చేస్తాయే గానీ నయం చేయవు. ఎక్కువమందిలో కనిపించేది గ్రేవ్స్ జబ్బు. మన రోగనిరోధక శక్తే గ్రంథిని అదేపనిగా ఉసిగొల్పుతుంది. మూడు దారుల తర్జనభర్జన ముఖ్యంగా వీరికే.

కార్బిమజోల్, మెథిమజోల్ వంటి మాత్రలు సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. గ్రంథికి ఏ హానీ లేకుండా బయటపడే అవకాశం ఉంది. కానీ ఆపాక దాదాపు సగంమందిలో జబ్బు తిరగబెడుతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ మాత్రలు వేసుకునేటప్పుడు జ్వరంతో గొంతునొప్పి వస్తే జలుబేలే అని ఊరుకోకండి. మాత్ర ఆపి, అదే రోజు రక్తంలో తెల్లకణాల లెక్క చూపించుకోండి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

రేడియో అయోడిన్ వైద్యం 1941 నుంచీ ఉంది. పేరు వింటే భయం వేస్తుంది గానీ, మింగేది చిన్న గొట్టం మాత్రే. మందమైన సీసపు డబ్బాలోంచి తీసి ఇస్తారు, నీళ్లతో మింగాలి, అంతే. అయోడిన్ ఎక్కడున్నా పీల్చుకోవడం థైరాయిడ్‌కు అలవాటు. ఆ అలవాటే దాన్ని లోపలి నుంచి అణుస్తుంది. ఫలితం తెలియడానికి వారాలు, నెలలు పడుతుంది. కొన్నాళ్లు పసిపిల్లలకు, గర్భిణులకు ఎడంగా ఉండాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ వైద్యం పనికిరాదు. తీసుకున్నాక కనీసం 6 నెలలు గర్భం వాయిదా వేసుకోమంటారు. కళ్లు ఉబ్బి ఎర్రబడి ఉంటే, అందులోనూ సిగరెట్ అలవాటుంటే, కంటి జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. ఆ సంగతి దాచకండి.

ఆపరేషన్ అన్నిటికంటే త్వరగా తేలిపోతుంది. గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, పెద్దదై గొంతు నొక్కుతున్నా, గడ్డ మీద క్యాన్సర్ అనుమానమున్నా దీనివైపే మొగ్గుతారు. గొంతు బొంగురుపోవడం, కాల్షియం తగ్గి వేళ్లు తిమ్మిరెక్కడం ఇందులోని చిక్కులు. అందుకే సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారండీ?

గ్రంథి మొత్తం తీసేస్తే ఆ హార్మోన్‌కు బదులుగా జీవితాంతం రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. అయోడిన్ తీసుకున్నవారిలోనూ చాలామందికి అదే గతి. దీనికి జంకి అసలు వైద్యమే వాయిదా వేసేవారున్నారు. నా మటుకు నాకు, అదుపు తప్పిన గుండె దడ కంటే పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర ఎంతో నయం.

నిర్ణయం ఆ రోజే చెప్పనక్కర్లేదు. దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ లాంటి మందు ఇస్తారు. ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పండి. ఈలోగా కార్బిమజోల్ లాంటి మాత్రలతో థైరాయిడ్ హార్మోన్ కొన్ని వారాల్లో దిగివస్తుంది. రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) మాత్రం నెలల తరబడి తక్కువగానే కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె చూసి మందు పనిచేయలేదనుకుని డాక్టర్‌ను మార్చేయకండి. నమస్కారం.