చెవి ముందు గడ్డ: మొదటి కోత ఎవరిది?

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, పీజీ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో కొంత శాలువాలకే పోయింది. సూటిగా విషయంలోకి వస్తాను.

లాలాజల గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ కాని కణితులకు ఏ ఆపరేషన్ ఎంచుకోవాలన్నది నాకిచ్చిన టాపిక్. పుస్తకం ప్రకారమైతే చెవి ముందుండే పెరోటిడ్, దవడ కింద ఉండే సబ్‌మాండిబ్యులర్, అంగిట్లో ఉండే చిన్న గ్రంథులు, మూడూ చెప్పాలి. నేను పెరోటిడ్ దగ్గరే ఆగిపోతాను. ఈ కణితుల్లో దాదాపు 80 శాతం అక్కడే వస్తాయి, నా కడుపుమంట కూడా అక్కడిదే.

ఒక కుట్టుమిషన్ ఆవిడ సంగతి చెబుతాను. చెవి తమ్మె కింద ఉసిరికాయంత గడ్డ, నొప్పి లేదు. ఊళ్లో చూపిస్తే ‘కొవ్వుగడ్డమ్మా, అరగంటలో తీసేస్తాం’ అన్నారట. సూది పరీక్ష లేదు, స్కాన్ లేదు. లోకల్ మత్తు ఇచ్చి, గడ్డ మీదే కోసి, వేలితో ఊడదీశారు. తీసిన ముక్క ల్యాబుకు పోలేదు, బకెట్లోకి పోయింది. డిశ్చార్జి కాగితం మీద ‘స్వెల్లింగ్ ఎక్సైజ్డ్’ అని రెండే ముక్కలు. కొన్నేళ్లకు నా దగ్గరికి వచ్చేసరికి ఆ మచ్చ చుట్టూ ఆవాలు చల్లినట్టు గడ్డలు.

అది ప్లియోమార్ఫిక్ అడినోమా అనే క్యాన్సర్ కాని పెరోటిడ్ కణితి. దాని పైపొర అన్నిచోట్లా సమంగా ఉండదు. కొన్నిచోట్ల పలచన, కొన్నిచోట్ల అసలే ఉండదు, కణితి బయటికి బుడిపెలుగా పొడుచుకొస్తుంది. పొర పట్టుకుని ఒలిస్తే ఆ బుడిపెలు లోపలే మిగిలిపోతాయి. పొర చిరిగితే కణాలు చుట్టూ ఒలికిపోతాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అందరూ ఇలాగే ఒలిచేవారు. ఐదుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల ఇద్దరికి మళ్లీ వచ్చేది. అందుకే ముఖం కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్‌ను ముందు వెతికి పట్టుకుని, దాని పైనున్న గ్రంథినంతా కణితితో సహా తీసే సూపర్ఫిషియల్ పెరోటిడెక్టమీ వచ్చింది. వంద ఏళ్ల కిందటి పొరపాటును మన మండల కేంద్రాల్లో ఇంకా చేస్తూనే ఉన్నాం. కోపం రాదా చెప్పండి!

ఆవిడకు రెండో ఆపరేషన్ నేనే చేశాను. మచ్చలో నరం ఎక్కడుందో, గడ్డ ఎక్కడుందో తేడా తెలియదు. కంటికి వెళ్లే శాఖ గడ్డల మధ్యలో ఇరుక్కుపోయి ఉంది. ఇప్పుడు ఆవిడ ఆ కన్ను పూర్తిగా మూయలేదు. మిషన్ ముందు కూర్చుంటే నీళ్లు కారుతూనే ఉంటాయి. ‘చిన్న గడ్డే అన్నారు కదండీ’ అని అడిగింది. మీరైతే ఏం చెబుతారు?

ఇక మీ వైవా ప్రశ్న: ఎక్స్‌ట్రాక్యాప్సులర్ డిసెక్షనా, సూపర్ఫిషియల్ పెరోటిడెక్టమీనా? మొదటిదాన్ని మాంచెస్టర్ క్రిస్టీ ఆసుపత్రిలో నికల్సన్ మొదలుపెట్టాడు. కణితి చుట్టూ పలచగా మంచి గ్రంథి భాగాన్ని కలుపుకుని తీస్తారు, నరం మొదలు, అంటే దాని ప్రధాన కాండం, వెతకరు. దీన్ని పాత ఒలిచే పద్ధతితో కలపకండి, రెండూ వేరు. కణితి పై లోబ్‌లో, అంటే నరానికి పైనున్న భాగంలో, కదులుతూ, నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే, చేతికి పెరోటిడ్ అలవాటుంటే, చక్కని పద్ధతి. నరం మొదలు పట్టుకోవడం రానివాళ్లు దీని జోలికి పోకూడదు. మధ్యలో నరం కనబడితే ఏం చేస్తారు మరి? డీప్ లోబ్‌లో, అంటే నరానికి లోపలి వైపు భాగంలో ఉంటే లెక్కే వేరు. సిగరెట్లు తాగే పెద్దాయనకు వార్థిన్ ట్యూమర్ అనే మరో క్యాన్సర్ కాని కణితి అని సూది పరీక్షలో తేలితే, కొన్నిసార్లు కోయకుండా చూస్తూ ఉండొచ్చు కూడా.

ఇంకోటి. గ్రంథి ఎక్కువ తీసినకొద్దీ ఫ్రే సిండ్రోమ్ ఎక్కువ. లాలాజలానికి వెళ్లాల్సిన నరాలు దారి తప్పి చెమట గ్రంథులకు అతుక్కుంటాయి. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోగానే చెంప ఎర్రబడి చెమట పడుతుంది. పెళ్లి భోజనాల్లో రుమాలు అడ్డం పెట్టుకుని తినేవాళ్లను చూశాను. ఈ జబ్బును 1923లో వివరంగా రాసిన లూసియా ఫ్రే పోలండ్ డాక్టర్, యూదురాలు. 1942లో ల్వూఫ్ నగరంలో యూదులను బంధించిన ఘెట్టోలో నాజీల చేతిలో పోయింది. పేరు పలికేటప్పుడు ఆవిడ ఎవరో తెలిసి పలకండి.

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్కటే అడుగుతాను, ఇక్కడ జనరల్ ప్రాక్టీసు చేసేవాళ్లున్నారు కాబట్టి. చెవి ముందు, చెవి కింద, దవడ మూల గడ్డ కనిపిస్తే, వేరే అని తేలేదాకా పెరోటిడ్ కణితే అనుకోండి. అల్ట్రాసౌండ్, ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సూది పరీక్ష రాయండి. ముక్క కోసి బయాప్సీకి పంపకండి. లోకల్ ఇచ్చి ముట్టుకోకండి. సంతకం తీసుకునే ముందు మూతి వంకర సంగతి, చెవి తమ్మె తిమ్మిరి సంగతి తెలుగులో చెప్పండి.

లైట్లు ఆపండి బాబూ. మొదటి స్లైడ్ డీప్ లోబ్ ఎమ్మారై. ముందు వరసలో ఉన్నవాళ్లే చదవాలి.