"లాజిక్ ఎక్కడ బ్రదర్?" షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు కావలసిన జవాబులు

నమస్కారం అండి. ఏ సినిమా ట్రైలర్ కిందైనా, ఏ షార్ట్ ఫిల్మ్ కిందైనా తప్పకుండా కనిపించే కామెంట్ "లాజిక్ ఎక్కడ బ్రదర్?". ఈ వీడియోలో అలాంటి ఫిర్యాదులు కొన్ని తీసుకుందాం. అందులో నిజంగా తప్పు ఏది, కథ చెప్పే పద్ధతి ఏది, తప్పయితే స్క్రిప్ట్‌లో గానీ, సెట్‌లో గానీ, ఎడిటింగ్‌లో గానీ ఎలా సరిచెయ్యాలో చూద్దాం.

ముందు ఒక విషయం ఒప్పుకుందాం. ప్రేక్షకుడు అసాధ్యాన్ని కాదనడు. 2012లో వచ్చిన "ఈగ" చూడండి. చచ్చిపోయిన కుర్రాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. అంతకంటే అసాధ్యం ఏముంది? అయినా జనం నమ్మారు. ఎందుకంటే ఆ ఒక్క అబద్ధం తర్వాత ఈగ తన శక్తికి తగ్గ పనులే చేస్తుంది. నిద్ర చెడగొడుతుంది, కారు నడిపేవాడి దృష్టి మళ్లిస్తుంది. మాట్లాడదు. చెప్పాల్సింది అద్దం మీద రాస్తుంది. అదే ఈగ సగం సినిమా అయ్యాక మనిషి గొంతుతో డైలాగ్ చెప్పి ఉంటే థియేటర్ మొత్తం "లాజిక్ లేదు" అనేది. కాబట్టి ఫిర్యాదు వచ్చినప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "ఇది బయట జరుగుతుందా?" కాదు. "మన కథ మొదట్లో ఒప్పుకున్న నియమాన్ని మనమే తప్పామా?" అన్నది.

[తెర మీద: ఫోన్ మాట్లాడుతున్న నటి, రెండు టేకులు పక్కపక్కన]

ఫోన్ సంగతి. "సినిమాల్లో ఎవ్వరూ 'ఉంటాను' అని చెప్పి ఫోన్ పెట్టరేంటి?" అని అడుగుతారు. ఇది తప్పు కాదు, పద్ధతి. స్క్రిప్ట్‌లో పేజీకి దాదాపు ఒక నిమిషం లెక్క. వీడ్కోలు మాటలకు పది సెకన్లు పోతే సీన్ ఊపు పోతుంది. కొత్త సమాచారం చెవిన పడగానే కట్ చెయ్యండి. అమ్మమ్మ పాత్ర అయితే మాత్రం "ఉంటానమ్మా, వేళకు తిను" అనడం ఆవిడ స్వభావం. అది ఉంచండి.

ఫోన్ సీన్లలో అసలు తప్పులు వేరే ఉన్నాయి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాక కూడా స్క్రీన్ వెలుగుతూ, హోమ్ పేజీ కనిపిస్తూ ఉంటుంది. నిజమైన కాల్‌లో చెవి దగ్గరికి రాగానే సెన్సర్ స్క్రీన్‌ను ఆర్పేస్తుంది. దీనికి మందు సులువు. పక్క గదిలోంచి ఎవరితోనైనా నిజంగానే కాల్ చేయించండి. స్క్రీన్ ఆరుతుంది, నటికి అవతలి గొంతూ వినిపిస్తుంది. రెండో తప్పు, అవతలివాళ్లు చెప్పినదాన్ని ఇవతలివాళ్లు మళ్లీ చెప్పడం. "ఏంటీ? నాన్నని ఆసుపత్రిలో చేర్చారా? గుంటూరులోనా?" ఇలా ఎవరూ మాట్లాడరు. అవతలి డైలాగులు కూడా పూర్తిగా రాసి చదివించండి. నటి వినడానికి పట్టే సమయం దానంతటదే సరిపోతుంది. తర్వాత అవతలి గొంతు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

ఇక రాత్రి సీన్లు. "అడవిలో అర్ధరాత్రి అంత వెలుతురు ఎక్కడిది? వెన్నెల నీలంగా ఎందుకుంటుంది?" వెన్నెల అంటే చంద్రుడి మీద పడి వచ్చిన ఎండే. దానికి నీలం రంగు లేదు. అయితే మసక వెలుతురులో మన కన్ను ఎరుపు కంటే నీలాన్ని బాగా పట్టుకుంటుంది. అందుకే రాత్రిని నీలంగా చూపిస్తే మనసు ఒప్పుకుంటుంది. ఇది చిత్రకారులు, ఛాయాగ్రాహకులు అందరూ వాడే పద్ధతి. దీనికి సంజాయిషీ అక్కర్లేదు.

సంజాయిషీ అవసరమయ్యేది లైట్ ఆర్పినప్పుడు. పాత్ర స్విచ్ నొక్కుతుంది, గది మాత్రం అంతే వెలుతురుగా ఉంటుంది. ఇలా చెయ్యండి. స్విచ్ నొక్కకముందు వెలుతురు పైనుంచి, కాస్త పసుపుగా రావాలి. నొక్కిన క్షణంలో రెండు మార్పులు కావాలి. మొత్తం వెలుతురు దాదాపు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, పడిపోవాలి. మిగిలిన వెలుతురు దిక్కు మారి కిటికీ వైపు నుంచి రావాలి. చాలామంది వెలుతురు తగ్గించి, దిక్కు మార్చరు. మోసం అక్కడే బయటపడుతుంది. లైట్ ఆపరేటర్‌కు టైమింగ్ కుదరకపోతే స్విచ్ మీద వేలిని క్లోజప్‌లో తీసి, కట్ చేసి, కొత్త లైటింగ్‌లో గది మొత్తం కనిపించే వైడ్ షాట్ తీసుకోండి.

పగలు తీసి రాత్రిగా చూపించాలంటే రెండు స్టాపులు తక్కువ ఎక్స్‌పోజ్ చేసి, కెమెరాలో రంగును సర్దే వైట్ బ్యాలెన్స్‌ను 3200 కెల్విన్ దగ్గర పెట్టండి, బొమ్మ నీలంగా వస్తుంది. సూర్యుడు పాత్రల వెనక ఉండాలి. ఫ్రేములోకి ఆకాశం రాకూడదు. తెల్ల చొక్కా వెయ్యకండి, ఎంత తగ్గించినా అది మెరుస్తూనే ఉంటుంది. ఇంకో జాగ్రత్త, ఆ ఫ్రేములో ఇల్లు ఉంటే కిటికీలో దీపం వెలగాలి. రాత్రి ఊళ్లో ఒక్క దీపమూ లేకపోతే ప్రేక్షకుడికి తేడా తెలిసిపోతుంది, కారణం మాత్రం చెప్పలేడు. "వాన పడకుండానే రోడ్డు తడిగా ఎందుకుంది?" అని కూడా అడుగుతారు. తడి రోడ్డు మీద దీపాలు ప్రతిబింబించి ఫ్రేముకు వెలుగు వస్తుంది, అందుకు ట్యాంకర్‌తో తడుపుతారు. మీరు కూడా తడిపితే వరుసగా అన్ని షాట్లలోనూ తడిగానే ఉంచండి. ఒక షాట్‌లో ఆరిపోయి ఇంకో షాట్‌లో తడిగా ఉండటమే తప్పు.

[తెర మీద: మెట్ల మీద ఫైట్, పైనుంచి]

ఫైట్లకు వద్దాం. "రౌడీలు పాతికమంది ఉన్నారు, ఒక్కొక్కరే ఎందుకొస్తారు?" ఇది న్యాయమైన ప్రశ్న. నటుల భద్రత కోసం, కెమెరాకు ప్రతి దెబ్బా కనిపించడం కోసం ఒక్కొక్కరే వస్తారు. ఆ కారణాన్ని కథలోకి తీసుకురావాలి. ఇరుకు చోటు ఎంచుకోండి. మెట్లు, బస్సులో సీట్ల మధ్య దారి, మిల్లులో బస్తాల సందు. అలాంటిచోట ఇద్దరు ఒకేసారి రాలేరు, ప్రేక్షకుడు అడగడు. మైదానమే కావాలంటే వెనకాలున్న ప్రతివాడికీ ఒక పని ఇవ్వండి. ఒకడు పడిన కర్ర వెతుక్కుంటాడు, ఒకడు లేవబోయి జారతాడు, ఒకడు పక్కవాడిని లాగుతాడు. నిలబడి చేతులు ఊపుతూ ఎదురుచూసేవాడు ఒక్కడు కనిపించినా ఫైట్ మొత్తం పోతుంది. రిహార్సల్‌ను ఫోన్‌లో తీసి, హీరోని చూడకుండా వెనకవాళ్లను మాత్రమే చూస్తూ ఒకసారి ప్లే చెయ్యండి.

దెబ్బ తగలలేదని తెలిసిపోతోందంటే లోపం దాదాపు ఎప్పుడూ కెమెరా కోణంలోనే ఉంటుంది. పిడికిలి ముఖానికి కనీసం ఒక అడుగు దూరంలో నుంచి పోవాలి, అది భద్రత. ఆ దూరం కనిపించకూడదంటే కెమెరా కొట్టేవాడి భుజం వెనకైనా ఉండాలి, దెబ్బ తినేవాడి తల వెనకైనా ఉండాలి. పక్కనుంచి తీస్తే ఖాళీ కనిపిస్తుంది. శబ్దాన్ని చెయ్యి ముఖం దాటిన ఫ్రేము దగ్గర కాకుండా, తల కదలడం మొదలైన ఫ్రేము దగ్గర పెట్టండి. సెకనుకు 24 ఫ్రేములున్న చోట రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది.

మనుషులు గాల్లోకి ఎగరడం గురించి భౌతికశాస్త్రం చెబుతూ కూర్చోనక్కర్లేదు. హీరో బలం ఎంతో మొదటి ఫైట్ చెప్పేస్తుంది. అక్కడ పదిమందిని ఒక్క ఊపున విసిరేసినవాడు, ఇంటర్వెల్‌లో ఒకే ఒక్క కర్ర దెబ్బకు స్పృహ తప్పితే ఫిర్యాదు వచ్చి తీరుతుంది. ఓడించాలనుకుంటే ముందే ఒక బలహీనత పెట్టండి. పాత గాయం, కాపాడాల్సిన చిన్నపిల్ల, చేతిలో ఉన్న వస్తువు.

ఆసుపత్రి సీన్లలో మాత్రం "సినిమా కదా" అన్న జవాబు చెల్లదు. జనం ప్రథమ చికిత్స గురించి తెర మీద నుంచి కూడా నేర్చుకుంటారు. మానిటర్ మీద గీత సాఫీగా అయిపోగానే డాక్టర్ కరెంట్ షాక్ ఇవ్వడం పూర్తిగా తప్పు. గుండె విద్యుత్తు పూర్తిగా ఆగినప్పుడు షాక్ పనిచెయ్యదు. అప్పుడు చేసేది ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం. షాక్ ఇచ్చేది గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నప్పుడు. కాబట్టి షాక్ సీన్ కావాలంటే మానిటర్ మీద గజిబిజి అలలు పెట్టండి. ఖర్చు ఏమీ పెరగదు, సీన్ ఉత్కంఠ ఏమీ తగ్గదు. ఛాతీ నొక్కేది నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. కానీ ఆరోగ్యంగా ఉన్న నటుడి మీద అలా నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు. అందుకని ఫ్రేమును నొక్కేవాడి భుజాలు, ముఖం దగ్గర పెట్టి, చేతుల కింద గట్టి దిండో బొమ్మో ఉంచండి. మోచేతులు వంచి నొక్కితే ఉత్తుత్తిదని తెలిసిపోతుంది.

పక్కపక్కన మంచాలు వేసి ఒకరి రక్తం నేరుగా ఇంకొకరికి ఎక్కించే సీన్ ఇప్పటికీ రాస్తున్నారు. దాత దగ్గర 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు, పరీక్షలు చేస్తారు, సరిపోతుందో లేదో చూశాకే ఎక్కిస్తారు. భావోద్వేగం రక్తం పారే పైపులో లేదు, రక్తం దొరకకపోవడంలో ఉంది. 1952లో ముంబైలో గుర్తించిన, చాలా అరుదైన బాంబే బ్లడ్ గ్రూప్ ఉంది. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు రక్తమే పనికొస్తుంది. మామూలు పరీక్షలో 'O' గ్రూపులా కనిపించి, తీరా రక్తం సరిపోలదు. ఇంతకంటే మంచి మలుపు ఊహించి రాయడం కష్టం.

మత్తు రుమాలు సంగతీ అంతే. క్లోరోఫాం ఒక్క పీల్పుకు మనిషిని పడేయదు, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ పెనుగులాట చూపించండి, లేదా కట్ చేసి తర్వాతి సీన్‌కు వెళ్లండి. తుపాకీకి సైలెన్సర్ పెడితే శబ్దం తగ్గుతుందే గానీ పిల్లిలా మౌనంగా ఉండదు, పక్కగదికి వినిపిస్తుంది. రివాల్వర్ అయితే సాధారణంగా ఆరు గుళ్లు. షాటుకీ షాటుకీ తేడా రాకుండా వివరాలు రాసుకునే కంటిన్యూటీ షీట్‌లో లెక్క రాసుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ఫిర్యాదు. "ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది కదా!" అపార్థం మీద నడిచే ప్రేమకథలన్నిటికీ వచ్చే కామెంట్ ఇది, చాలాసార్లు సరైనదే. "చెప్పేది విను" అంటాడు అతను, "నువ్వేమీ చెప్పొద్దు" అని వెళ్లిపోతుంది ఆమె. ఇది రచయిత బద్ధకం. నోరు విప్పకపోవడానికి పాత్రకు సొంత కారణం ఉండాలి. చెబితే అంతకంటే విలువైనది పోవాలి. చెల్లెలి పరువు, ఇచ్చిన మాట, ఉద్యోగం, ఏదైనా సరే. పరీక్ష ఇదీ: ఆ సీన్‌లో పాత్ర నిజం చెప్పేసిందనుకుని తర్వాతి సీన్ రాసి చూడండి. కథ అక్కడే ముగిసిపోతే మీ కారణం బలహీనం. చెప్పినా కొత్త సమస్య మొదలైతే కథ గట్టిది.

"పోలీసులకు ఫోన్ చెయ్యొచ్చు కదా" అన్నదీ దీని తోబుట్టువే. 112కు కాల్ చేసే వీలు ప్రతివాడి జేబులో ఉంది. ఈ దారిని మొదటి పది నిమిషాల్లోనే మూసెయ్యాలి, ప్రమాదం వచ్చాక కాదు. చివర్లో సిగ్నల్ పోతే సాకులా ఉంటుంది. మొదట్లో, ప్రమాదం లేనప్పుడే, అమ్మకు ఫోన్ చెయ్యడానికి పాత్ర మేడ ఎక్కాల్సి వచ్చిందని చూపిస్తే, తర్వాత అదే సిగ్నల్ లేకపోవడాన్ని ఎవరూ ప్రశ్నించరు. అలా ముందే నాటే విషయం వేరే పని చేస్తున్నట్టు కనిపించాలి. నవ్వించే సీన్‌లోనో, గొడవలోనో దాచండి. యాదృచ్ఛికానికి కూడా కొలత ఉంది. అనుకోకుండా జరిగినది హీరోని చిక్కుల్లోకి నెడితే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. చిక్కుల్లోంచి బయటకు లాగితే ఒప్పుకోడు.

యాస గురించి కూడా మాట్లాడుకోవాలి. విదేశీ విలన్ తెలుగు మాట్లాడటం పద్ధతే, మొదటి రెండు వాక్యాలు అతని భాషలో వినిపించి తెలుగులోకి మారిపోండి. కానీ శ్రీకాకుళం తండ్రికి యాస ఉండి, అదే ఇంట్లో పెరిగిన కూతురు పుస్తకాల తెలుగు మాట్లాడితే నమ్మడం కష్టం. తెలంగాణ యాసను ఏళ్ల తరబడి విలన్లకూ హాస్యానికీ కట్టబెట్టారన్న ఫిర్యాదు పూర్తిగా న్యాయమైనది. ఆ ప్రాంతపు మనిషితో డైలాగులు చదివించండి, డబ్బింగ్‌లో పక్కనే కూర్చోబెట్టండి. హీరోకూ ఆ యాసే ఇవ్వండి.

పాటల మీద వచ్చే ఫిర్యాదుకు మన రంగస్థలమే జవాబు. పద్యనాటకంలో ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటే నటుడు పద్యం మళ్లీ పాడతాడు, కథ ఆగి మళ్లీ సాగుతుంది. పాట రావడం మనకు అలవాటైన పద్ధతి. అభ్యంతరం దాని చోటు మీద. చావు సీన్ అయిన వెంటనే డ్యూయెట్ వస్తే దాన్ని ఎడిటింగ్‌లో కనీసం రెండు సీన్ల తర్వాతకు జరపండి.

షూటింగ్ అయిపోయాక లోపం తెలిస్తే ఏం చెయ్యాలి? పాత్ర వీపు కనిపించే షాట్ కోసం మీ ఫుటేజ్‌లో వెతకండి. పెదాలు కనిపించవు కాబట్టి దాని మీద కొత్త డైలాగ్ వెయ్యొచ్చు. "తాళం నా దగ్గరే ఉంది" లాంటి నాలుగు మాటలు చాలు. ఒక వాక్యం దాటితే వివరణలా వినిపిస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు అసలు సీన్‌లో వాడిన మైకే, అంతే దూరంలో పెట్టండి. సెట్‌లో ఎవరూ మాట్లాడనప్పుడు తీసుకున్న ముప్పై సెకన్ల గది శబ్దాన్ని కింద పరవండి. అందుకే ప్రతి లొకేషన్‌లో పేకప్ చెప్పేముందు ఆ ముప్పై సెకన్లు రికార్డ్ చేసుకుని పెట్టుకోండి.