బీల మీద హక్కు ఎవరిది? (సోంపేట నుంచి ఒక ఎపిసోడ్)

హోస్ట్: నమస్కారం, ఈ రోజు శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఉన్నాం. ఇక్కడి చిత్తడి నేలనే బీల అంటారు. మనతో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. మాస్టారూ, ముందు అమెరికా సంగతి. 2025లో అక్కడి సెనేట్‌లో ప్రభుత్వ భూములు కొన్ని అమ్మేద్దామన్నారు. గట్టిగా అడ్డుపడ్డవాళ్ళలో వేటగాళ్ళూ ఉన్నారట. చివరికి వెనక్కి తీసుకున్నారు. నాకు వింతగా అనిపించింది.

మాస్టారు: వింతేముంది బాబూ? అక్కడ వేటకు లైసెన్సుంది. తుపాకులు, తూటాల మీద పన్ను 1937 చట్టం నుంచీ వన్యప్రాణుల సంరక్షణకే పోతోంది. బాతుల వేటకెళ్ళేవాడు ఏటా స్టాంపు కొంటాడు, ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడతారు. సొంత ఎస్టేటు లేనివాడికి ప్రభుత్వ భూమే దిక్కు. దానికి కంచె పడితే వాడి వేట అయిపోయినట్టే.

హోస్ట్: మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. మరి ఇక్కడ ప్రభుత్వ భూమి పోతుంటే అడిగేదెవరు?

మాస్టారు: ఈ ఊళ్ళోనే కూర్చుని అడుగుతున్నావా! 2008లో బీలలో 972 ఎకరాలు థర్మల్ ప్లాంటుకి రాసిచ్చేశారు. కాగితాల్లో అది పనికిరాని నేల. వానాకాలంలో వచ్చి చూడు. మోకాలి లోతు నీళ్ళల్లో వల విసిరేవాళ్ళు ఒకపక్క, తుంగ కోసేవాళ్ళు ఇంకోపక్క, గట్టు మీద గేదెలు, వాటి వెనకే కొంగలు. కింద పొలాలకి నీరు ఇక్కడిదే. 2010 జూలై 14న జనం అడ్డుపడితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి కొట్టేసింది. ఆ ఆర్డరు ఒక్కరోజు ముందొస్తే ఏం పోయేది?

హోస్ట్: తర్వాత కాకరాపల్లి థర్మల్ ప్లాంటు...

మాస్టారు: ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28. మళ్ళీ కాల్పులు. అది నౌపడ తంపర, అదీ చిత్తడి నేలే. తేలినీలాపురం పక్షులు మేతకి పోయేది ఆ తంపరకే. ఆ ఊళ్ళో గూడబాతులు, అంటే పెలికాన్లు, చింతచెట్లెక్కి గూళ్ళు పెడతాయి. పెంకుల మీద తెల్లటి రెట్ట, పెరడంతా చేపల కంపు. అయినా ఎవరూ రాయి విసరరు. పక్షులు రాకపోతే పంట పండదని వాళ్ళ నమ్మకం. అన్నట్టు వాటిని సైబీరియా పక్షులని పేపర్లు రాస్తుంటాయి గానీ, గూడబాతు మన దేశపు పక్షే. సరే, చెట్టుని ఊరు కాపాడుతుంది. మేత నేలను ఇంకెవరికో రాసిచ్చేస్తే చెట్టుండి ఏం లాభం?

హోస్ట్: కొండ మీద సవర, జాతాపు గిరిజనులకైతే వేట ఆచారం కూడా కదా?

మాస్టారు: 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పట్టా ఇస్తానంది, తేనె, చింతపండు మీద హక్కిచ్చింది. వేటను మాత్రం స్పష్టంగా పక్కనపెట్టింది. నేను తప్పనను. పంది కోసం కరెంటు తీగ వేసేవాణ్ణి అసలే సమర్థించను, ఆ తీగకి ఏనుగూ పోతుంది, మనిషీ పోతాడు. నా బాధ వేరే. కుందేలుకి ఉచ్చు పెట్టినవాడు జైలుకెళ్తాడు. కొంగలు మేసే బీల మొత్తాన్ని రాసిచ్చేస్తే దాని పేరు అభివృద్ధి.

హోస్ట్: అయితే మనకీ వేట లైసెన్సులు పెట్టమంటారా?

మాస్టారు: వద్దు బాబూ, పెడితే అవి డబ్బున్నోళ్ళకే. బీల ఇచ్చేముందు వల వేసేవాణ్ణీ, గేదెలు తోలేవాణ్ణీ అడగమంటున్నాను. గ్రామసభ ఒప్పుకోకుండా ఇవ్వకూడదు.

హోస్ట్: గ్రామసభ డబ్బుకి లొంగితే?

మాస్టారు: లొంగొచ్చు. కానీ లొంగినోడు మర్నాడు గేదెల్ని ఎక్కడికి తోలతాడు? ఆర్డరు మీద సంతకం పెట్టినాయనకి ఆ టెన్షన్ లేదు కదా.