చిటికెడు ఎల్‌ఎస్‌డీతో బుర్ర పదునెక్కుతుందా? బెంగళూరు స్టూడియో చర్చ

(‘ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు చిటికెడు వేసుకుంటే కోడింగ్ రెట్టింపు’ అంటూ మారతహళ్లి పీజీల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన మెసేజ్‌పై చర్చ. మాటలు ఉన్నవి ఉన్నట్టే.)

యాంకర్: ముగ్గురికీ సమాన సమయం. డాక్టర్ గారూ, సూటిగా చెప్పండి. ఇక్కడికొచ్చిన మన తెలుగు పిల్లలు పాడైపోతున్నారా, లేదా?

డాక్టర్: ముందు అది ఏం చేస్తుందో చూద్దాం. ఎల్‌ఎస్‌డీ అయినా, పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ అయినా మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే 2ఏ రిసెప్టర్‌ను తట్టిలేపుతుంది. అప్పుడు...

స్టార్టప్ కోచ్: తట్టిలేపుతుంది! మేడమ్ గారే అన్నారు. నేననేదీ అదే!

డాక్టర్: పూర్తి చెయ్యనివ్వండి. పూర్తి మోతాదు మత్తులో ఉన్నవాళ్లకు పరీక్ష పెడితే ధ్యాస నిలవదు. అప్పుడు చూసినవి తర్వాత వివరంగా గుర్తుకురావు. ఎక్కడో చూశామన్న భావన మాత్రం మిగలొచ్చు.

కోచ్: పూర్తి మోతాదు ఎవరడిగారండీ? మేమనేది అందులో పదో వంతు!

డాక్టర్: దాని మీదే 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ల అధ్యయనం వచ్చింది. ఏది మందో, ఏది ఖాళీ క్యాప్సూలో మింగేవాళ్లకే తెలియదు. ఖాళీవి మింగినవాళ్లూ దాదాపు అంతే బాగున్నామన్నారు.

కోచ్: విన్నారా? బాగున్నామన్నారు!

డాక్టర్: ఖాళీవి మింగినవాళ్లండీ!

(ఇద్దరూ ఒకేసారి. కొంతసేపు ఏమీ వినబడలేదు.)

యాంకర్: లాయర్ గారూ, ఇది తల్లిదండ్రుల తప్పేనా?

లాయర్: తప్పెవరిదైనా 1985 ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం ప్రకారం చిటికెడైనా నేరమే. ఎల్‌ఎస్‌డీ 2 మిల్లీగ్రాములు దాటితే శిక్ష తక్కువుండే ‘చిన్న మొత్తం’ కిందకి కూడా...

కోచ్: ఆస్ట్రేలియాలో 2023 నుంచి డాక్టర్లే రాస్తున్నారు సార్!

డాక్టర్: రాసేది సైలోసైబిన్, మందులకు లొంగని డిప్రెషన్‌కు, అదీ అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు. కోడింగ్‌కు కాదు.

కోచ్: ఎల్‌ఎస్‌డీ కనిపెట్టిన హాఫ్‌మన్ 1943లో అది వేసుకుని సైకిల్ తొక్కుకుంటూ ఇంటికెళ్లాడు!

యాంకర్: సైకిలా? మన సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లోనైతే?

(నవ్వులు. ఈ సైకిల్ మీదే నాలుగు నిమిషాలు గడిచాయి. రాయడం అనవసరం.)

డాక్టర్: పిచ్చెక్కుతోందేమోనని ఆయన భయపడిన సంగతీ చెప్పండి. 2024లో అమెరికాలో సైలోసైబిన్ ఇచ్చి స్కాన్లు తీశారు. జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్‌కూ, ‘నేను’ అనే ఆలోచనలు నడిపే నెట్‌వర్క్‌కూ మధ్య సంబంధం వారాల తరబడి సడలి ఉంది.

కోచ్: ఎంతమందికి?

డాక్టర్: ఏడుగురికి. చిన్న అధ్యయనమే. మంచికో చెడుకో ఇంకా...

కోచ్: ఏడుగురా! మా వాట్సాప్ గ్రూపులోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు!

యాంకర్: అంటే పిల్లలు పాడైపోతున్నట్టేనా?

డాక్టర్: నేనలా అనలేదు. పదునెక్కినట్టు అనిపించడం వేరు, పరీక్షలో...

యాంకర్: టైమ్ అయిపోయింది మేడమ్. కోచ్ గారూ, ముప్పై సెకన్లు.

(ఆయన మూడు నిమిషాలు మాట్లాడారు. అప్పటికే డాక్టర్ తన మైకు తీసేశారు.)