తోడు పలికే ఒక్క గొంతు

సభకు నమస్కారం.

పదిమంది వెంట పోయేవాణ్ణి చూస్తే గొర్రెదాటు అనేస్తాం. ఆ మాట అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికి ఒక్క ప్రయోగాన్ని నిదానంగా చూద్దాం.

అమెరికాలో స్వార్త్‌మోర్ కాలేజీ ఆచార్యుడు సాలమన్ ఆష్ చేసిన ప్రయోగమిది. 1951లో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. గదిలో ఏడెనిమిది మంది కాలేజీ కుర్రాళ్లు, ఎదురుగా రెండు అట్టలు. ఒకదాని మీద ఒకే గీత, రెండోదాని మీద మూడు. మొదటి గీతకు సమానమైనది ఏదో ఒక్కొక్కరూ వరసగా, పైకి చెప్పాలి. ఒక జతలో అసలు గీత 8 అంగుళాలు. పక్క అట్ట మీదివి ఆరుంపావు, ఎనిమిది, ఆరుముప్పావు. చూడగానే తెలిసిపోయే తేడా!

మొదటి రెండుసార్లు అందరిదీ ఒకే జవాబు, సరైన జవాబు. మూడోసారి మొదటివాడు తప్పు గీత చెబుతాడు. రెండోవాడూ అదే, మూడోవాడూ అదే. వాళ్లంతా ముందే కూడబలుక్కుని వచ్చినవాళ్లు. సంగతి తెలియనివాడు ఒక్కడే, అతని వంతు చివర్లో వస్తుంది. 18 సార్లలో 12 సార్లు ఇలా జరిపారు.

అలా పరీక్షించిన 123 మంది జవాబుల్లో 36.8 శాతం గుంపు వైపు తప్పాయి. ఒంటరిగా చెప్పమంటే తప్పులు ఒక శాతం కూడా లేవు. సుమారు నలుగురిలో ఒకరు మాత్రం ఒక్కసారీ లొంగలేదు. లొంగినవాళ్లను తర్వాత అడిగితే కొందరు తమ కళ్లనే అనుమానించామన్నారు. కొందరికి నిజం కళ్లెదుటే ఉంది, పదిమందిలో వేరుగా నిలబడలేకపోయారు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరు. మొదటివాడికి సమాచారం కావాలి, రెండోవాడికి ధైర్యం చాలు.

ఆ ధైర్యం ఎంత తక్కువ ఖర్చుతో వస్తుందో చూడండి. ఎదురుగా ఒక్కడే తప్పు చెబితే ప్రభావం దాదాపు సున్నా. ముగ్గురు కాగానే తప్పులు 31.8 శాతం. అక్కణ్ణుంచి గుంపు పెరిగినా ఒత్తిడి పెద్దగా పెరగలేదు. కానీ నిజం చెప్పే తోడు ఒక్కడు ఉంటే తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ ఒక్కడు ఇంకా పెద్ద తప్పు చెప్పినా సరే, గుంపుతో విడిపోయాడంటే చాలు, మన కుర్రాడికి ఊపిరాడింది. ఏకగ్రీవం అన్న గోడలో ఒక్క ఇటుక ఊడితే చాలన్నమాట.

ఇక మన పని. సంఘం మీటింగులో తీర్మానం పెట్టేముందు అందరికీ చీటీలు ఇవ్వండి. పేరు రాయించొద్దు, అవును, కాదు, ఒక్క వాక్యంలో కారణం, అంతే. చీటీలు చేతికి వచ్చాకే చర్చ. అధ్యక్షుడు చివర మాట్లాడాలి, అతను నోరు విప్పాక చీటీలు పంచితే అవి దండగ. చేతులెత్తించడం వద్దు, అందరూ ముందు వరసను చూసి ఎత్తుతారు. తరగతిలో “అర్థమైందా?” అంటే “అర్థమైంది సార్” అనే వస్తుంది. దానికి బదులు ఒక లెక్క ఇచ్చి, పలకలు బోర్లా పెట్టించి, అందరివీ ఒకేసారి తిప్పించండి.

కాదన్నవాణ్ణి టీ విరామంలో పక్కకు తీసుకెళ్లి నచ్చజెప్పకండి. ఆష్ గదిలో తోడున్నవాడు మధ్యలో గుంపులో కలిసిపోగానే, అంతదాకా నిలబడ్డ కుర్రాడి తప్పులు మళ్లీ ఎగబాకాయి.